యాభై ఒకటిన్నర

కిలో ఎనిమిది వందలు చెప్పిన తేనెను రెండు వందల ఇరవైకి దింపిన మనిషిని నేను. అదీ ఎక్కడో తీరిగ్గా కూచుని కాదు. కొత్తగూడ ఫ్లైఓవర్ కింద, స్కూటీ ఇంజను ఆపకుండా, హెల్మెట్ తియ్యకుండా, వెనకాల క్యాబ్ వాడు హారన్ మీద నుంచి చెయ్యి తియ్యకుండా ఉండగా. బకెట్లో పైన అసలైన తేనెపట్టు ముక్క ఉంది. రెండు తేనెటీగలు కూడా చచ్చి పడున్నాయి, నమ్మకం కోసం. నాకు కావలసింది ఒక్క కిలో. మూడు కిలోలు కొన్నాను. ఆ ధరకు దొరికిన సరుకును ఒక్క కిలోతో వదిలేశానని తెలిస్తే పైనున్న మా తాత కిందికి దిగివచ్చి తిడతాడు.

మాది నూనెలూ నెయ్యీ అమ్మే దుకాణం. అక్షరాలు దిద్దకముందే గల్లాపెట్టె తాళం తియ్యడం నేర్చుకున్నాను. ఎదుటివాళ్లు ఒక అంకె చెప్పగానే నా నోట్లోంచి అంతకంటే చిన్నది బయటికి వచ్చేస్తుంది, అది నా చేతిలో లేదు. ఒకసారి దవాఖానలో నర్సమ్మ బీపీ నూట యాభై ఉందంటే, నూట ఇరవై చేసుకోమ్మా అన్నాను. ఈ జబ్బునే అర్హతగా చూపించి మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో సరుకులు కొనే ఉద్యోగం సంపాదించాను. టీ పాలు, చేతులు కడిగే సబ్బు నీళ్లు, జెనరేటర్ డీజిలు, టిష్యూ కాగితాలు, అన్నీ నా బేరం మీదే ఆ కంపెనీలోకి వచ్చేవి.

ఆ తేనె డబ్బాతో ఆఫీసు వెనక గేటులోంచి, అంటే సామాన్లు వచ్చే గేటులోంచి, వెళ్తున్నాను. అక్కడ సెక్యూరిటీలో వారం కిందట చేరిన పెద్దాయన ఆపారు. యూనిఫాం ఎవరో లావుపాటి మనిషి కోసం కుట్టింది. టోపీ తలమీద లేదు, టిఫిన్ డబ్బా మీద బోర్లించి ఉంది. డబ్బాలో ఏందని అడిగారు. నేను సరుకు పేరుకంటే ముందు ధర చెప్పాను. చెప్పి, మెచ్చుకోలు కోసం ఆగాను.

ఆయన మెచ్చుకోలేదు. జర ఒక గ్లాసెడు ఇస్తరా అన్నారు.

రుచి చూస్తారేమో, పెద్దవాడు కదా అనుకుని పోశాను. ఆయన టేబుల్ కింద సంచిలోంచి బంగారం కొట్లలో వాడే బుల్లి కాంటా ఒకటి తీశారు. తేనె గ్లాసు దానిమీద పెట్టి, మీట నొక్కి అంకెను సున్నా చేశారు. తర్వాత జేబురుమాలు విప్పారు. అందులో ఒక గాజు బిరడా ఉంది. పాతకాలం మందుసీసాలకు ఉండేలాంటిదే గానీ నిమ్మకాయంత ఉంది, లోపలంతా గట్టి గాజు. దాని మెడకు దారం. ఆ దారాన్ని రెండు వేళ్లతో పట్టుకుని, మిగతా మూడు వేళ్లూ పైకి లేపి, ఒక కన్ను మూసి, ఊపిరి బిగబట్టి, బిరడాను తేనెలోకి దించారు. అది తేనెలోకి దిగడానికి ఇష్టం లేనట్టు దిగింది. మునిగాక కూడా దారం వదల్లేదు. అడుక్కు ఆనకుండా, గ్లాసు అంచుకు తగలకుండా వేలాడేలా పట్టుకున్నారు. కాంటా మీద సున్నా పోయి అరవై ఆరు పడింది.

"డెబ్బై ఒకటి రావాలె," అన్నారు ఊపిరి వదిలి. "ఇది బెల్లం పాకం మేడం. మంచి బెల్లమే."

ఆయన పోయి నెల దాటింది. నాకు కబురు ఆలస్యంగా తెలిసింది. ఆయన పేరు నాకు తెలుసు గానీ ఆఫీసులో ఎవరూ వాడలేదు, అందరికీ బిరడా తాతే. కాబట్టి నేనూ ఇక్కడ వాడను.

బెల్లం పాకం సంగతి పక్కన పెట్టండి, ఆ రోజు నన్ను ఎక్కువ పరేషాన్ చేసింది కాంటా. బిరడా ఆయన చేతిలో వేలాడుతోంది. గ్లాసును ఎవరూ ముట్టుకోలేదు. గ్లాసులోకి ఒక్క చుక్క పడలేదు. మరి బరువు ఎక్కణ్ణించి వచ్చింది? నేను దుకాణంలో పెరిగినదాన్ని, కాంటా మీద ఎవరైనా వేలు పెడితే వాసన పట్టగలను. ఆయన మొహంలోకి అనుమానంగా చూశాను.

ఆయన ఈ ప్రశ్న కోసమే గేటు దగ్గర కూచున్నట్టున్నారు. తేనె గ్లాసు తీసి నీళ్ల గ్లాసు పెట్టారు. మళ్లీ సున్నా, మళ్లీ బిరడా. యాభై పడింది. ఇప్పుడు దారాన్ని నా వేళ్లకు ఇచ్చి పట్టుకోమన్నారు. బిరడా నీళ్లలో ఉన్నప్పుడు తేలిగ్గా ఉంది, పైకి తీస్తే బరువెక్కింది.

"నీళ్లు దాన్ని మీదికి నూకుతున్నయి బిడ్డా. మనం ఒక మూటను మీదికి నూకాల్నంటే కాళ్లు నేలకు గట్టిగ ఆన్చాలె గద? నీళ్లు కాళ్లు ఆన్చేది కాంటా మీదనే."

మేడం బిడ్డ అయిపోయింది అక్కడే. ఏదైనా వివరించేటప్పుడు బిడ్డా అనేవారు, గేటు తీసేటప్పుడు మేడం అనేవారు.

ఆ బిరడా ఎంత చోటు ఆక్రమిస్తుందో అంత నీళ్ల బరువు యాభై గ్రాములు. అదే చోటు తేనెలో ఆక్రమిస్తే డెబ్బై ఒకటి. మంచి పాలల్లో యాభై ఒకటిన్నర. డీజిల్లో నలభై ఒకటిన్నర. ఆయనకు లోకంలో పోసే ప్రతిదానికీ ఒక అంకె ఉంది. ఇంత చెప్పి, మీరు చదువుకున్నోళ్లు, తొట్టిలకెల్లి బట్టల్లేకుండ ఉరికినాయన కథ మీకు ఎర్కే ఉంటది గద అన్నారు.

నాకు ఆ కథ గుర్తు రాలేదు. మా దుకాణం గరిటె గుర్తొచ్చింది. మా తాత డబ్బాలో నెయ్యి తూచేటప్పుడు గరిటెను నెయ్యిలోనే ఉంచి, కాడ పట్టుకుని, అడుక్కు తగలనివ్వకుండా కబుర్లు చెబుతూ తూచేవాడు. దాన్ని మా ఇంట్లో గరిటె లాభం అనేవాళ్లు. గరిటె చేతిలోనే ఉంది కదా, డబ్బాలో లేదు కదా అని కొనేవాళ్లూ ఊరుకునేవాళ్లు. అది ఎలా పనిచేస్తుందో మా తాతకూ తెలియదు, పనిచేస్తుందని తెలుసు.

సిగ్గుపడుతూనే ఈ సంగతి పెద్దాయనకు చెప్పాను. ఛీ అంటారనుకున్నాను. ఆయన కళ్లు వెలిగాయి. గరిటె గుంట ఎంత ఉంటది, కాడ ఎంత మునుగుతది అని అడిగారు. చేత్తో చూపించాను. పెదాలు కదుపుతూ లెక్క కట్టి, డబ్బాకు ముప్పై గ్రాములు మిగిలి ఉంటయి అన్నారు. మీ తాతను మా కాలేజీకి తీస్కపోయి ఉంటే ఇంటర్ పోరగాండ్లకు మంచిగ సమజైతుండె అని నిజంగానే బాధపడ్డారు.

ఆయన ఏదో జిల్లాలో ఒక కాలేజీ ఫిజిక్స్ ల్యాబులో అటెండరు. పర్మనెంటు అవుతది, అవుతది అంటూ ముప్పై ఏళ్లు చేశారు. అంతకుమించి ఆయన జీవిత చరిత్ర నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. ప్రాక్టికల్ పరీక్ష నాడు పిల్లల వెనక నిలబడి సరైన అంకెను దగ్గులో కలిపి చెప్పేవారట. రెండు దగ్గులు, ఆగి ఏడు దగ్గులు అంటే రెండు పాయింట్ ఏడు. ఒక ఏడాది నిజంగానే జలుబు చేస్తే ఒక బ్యాచంతా ఫెయిలయ్యిందని చెప్పి, ఆ పిల్లల్లో ఒకడు ఇప్పుడు మన ఆఫీసు నాలుగో అంతస్తులో ఉన్నాడని రహస్యంగా అన్నారు.

ఆ బిరడా ల్యాబులో పగిలిన ఒక యాసిడ్ సీసాది. సీసా పోయింది, బిరడా మిగిలింది. దాన్ని మూతగా వాడడానికి సీసా లేదు కాబట్టి, ముంచడానికి వాడారు. ఈ సంగతి ఆయన దాచలేదు. గర్వంగా అందరికీ చెప్పేవారు. ఎన్నేండ్లు యాసిడ్‌ల ఉన్నదో, ఒక్క గీత పడ్డదా చూడు అని చూపించేవారు. ఆ గర్వమే తర్వాత కొంప ముంచింది.

గేటు రిజిస్టరులో వచ్చినవాళ్ల పేరు, పని, ఎవరి కోసం అనే గడులు ఉంటాయి కదా. ఆయన పాలను కూడా అందులో రాసేవారు. పేరు: పాలు. పని: టీ. ఎవరి కోసం: అందరి కోసం. ఫోన్ నంబరు గడిలో యాభై ఒకటి పాయింట్ నాలుగు. ఒకసారి ఆడిట్‌కు వచ్చినాయన ఆ నంబరుకు ఫోన్ కలవడం లేదని కంప్లయింటు రాశాడు.

ఆయన మాటల్లో ఎక్కువసార్లు వినబడేది తాకనియ్యొద్దు అన్న ఒక్క ముక్క. బిరడా అడుక్కు తాకితే అంకె తప్పు, అంచుకు తాకితే అంకె తప్పు. ఈ జాగ్రత్త ఆయనకు అన్నిటికీ పాకింది. ఎవరైనా బండి పార్కు చేస్తుంటే తాకనియ్యొద్దు, కొత్తగా చేరిన అమ్మాయి మా బాస్ గదిలోకి వెళ్తుంటే తాకనియ్యొద్దు, అంటే ఆయన మూడ్ ఎక్కడా తగలకుండా నడువు అని. మా బాస్ గోదావరి జిల్లా మనిషి, ప్రతి మాటకూ అండి తగిలించి తిడతారు. ఆ అండి విని కొత్తవాళ్లు మెచ్చుకుంటున్నారనుకుంటారు.

ఇక పాల సంగతి. శంకరపల్లి వైపు నుంచి ఒకతను రోజూ అరవై లీటర్లు క్యాన్లలో తెచ్చేవాడు. లీటరు అరవై ఎనిమిది. నేను మూడు వారాలు పట్టు వదలకుండా, పండగ పేరు చెప్పి, ఎండాకాలం పేరు చెప్పి, చివరికి వాళ్ల బర్రెల ఆరోగ్యం అడిగి మరీ యాభై అయిదుకు దింపాను. లీటరుకు పదమూడు. మా బాస్ ఆఫీసంతటికీ మెయిలు పెట్టారు, బేరం అంటే ఈవిడ దగ్గర నేర్చుకోండి అని. ఆ మెయిలును నేను ప్రింటు తీసి పెట్టుకోలేదని అబద్ధం చెప్పను.

కొత్త ధర మొదలైన మూడో రోజు పెద్దాయన నన్ను గేటు దగ్గరికి పిలిచారు. ముందు నీళ్లు తూచి చూపించారు, యాభై. ఎప్పుడైనా ముందు నీళ్లే, కాంటా మాట మీద నిలబడుతుందో లేదో చూడ్డానికి. తర్వాత పాలు గ్లాసులో పోశారు. క్యానులో ఏనాడూ బిరడా ముంచలేదు, గ్లాసులో పోసిందే తూచేవారు, తూచినవి వెనకాల పిల్లికి పోసేవారు. యాభై ఒకటి పాయింట్ రెండు వచ్చింది. పాయింట్ మూడు తక్కువ, అంతే కదా అన్నాను. నా చూపులో అది చిల్లర.

ఆయన వేళ్ల మీద లెక్క చెప్పారు. నీళ్లకు యాభై, పాలకు యాభై ఒకటిన్నర, మధ్యలో ఉన్న ఆ ఒకటిన్నరే పాలు. అందులో పాయింట్ మూడు పోయిందంటే అయిదో వంతు పోయింది. అయిదు గ్లాసుల్లో ఒక గ్లాసు నీళ్లు. నేను మనసులో అరవై ఎనిమిదికి అయిదో వంతు కట్టాను. పదమూడు రూపాయల అరవై పైసలు.

"మీరు తగ్గించిన పదమూడు రూపాయలు ఎక్కడికీ పోలే మేడం," అన్నారాయన ఎంతో మర్యాదగా. "పాలల్లనే ఉన్నయి."

నేను మా వంశాచారం ప్రకారం ఆయనతోనే బేరానికి దిగాను. రోజూ తూచకండి, వారానికోసారి తూచండి అన్నాను. రిజిస్టరులో రాయకండి, నాకు చెవిలో చెప్పండి అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు, కోపంగా కాదు, సరుకు లేదని చెప్పే దుకాణదారుడిలా. రాసుడు ఆపలేదు. పైగా రోజూ పొద్దున ఆ పాలతనికి కూడా వివరంగా చెప్పేవారు. చూడు తమ్మీ, గిది యాభై ఒకటిన్నర రావాలె, నీది గింత వస్తున్నది అని. అతను చేతులు కట్టుకుని శ్రద్ధగా వినేవాడు. ఆయన శిష్యుల్లో అంత శ్రద్ధ గలవాడు ఇంకొకడు లేడు.

కొన్నాళ్లకు ఆ శిష్యుడు కంప్లయింటు పెట్టాడు. మీ సెక్యూరిటీ ముసలాయన యాసిడ్ సీసా మూత తెచ్చి నా పాలల్ల ముంచుతున్నడు, రేపు ఎవరికన్న ఏమన్న అయితే నా జిమ్మేదారీ కాదు అని. యాసిడ్ అన్న ఒక్క మాట లిఫ్టుకంటే వేగంగా ఏడు అంతస్తులూ ఎక్కింది. మధ్యాహ్నానికి టీ మిషన్ల దగ్గర ఎవరూ లేరు. మూడో అంతస్తులో ఒకతనికి కడుపులో మంట మొదలైంది. ఆరా తీస్తే అతను తాగేది గ్రీన్ టీ. గ్లాసులో పోసినవే తూచాం, అవి పిల్లి తాగింది అని నేను చెబితే, పిల్లి ఎలా ఉందని ముగ్గురు అడిగారు.

మా బాస్ పాలతన్నీ, పెద్దాయన్నీ, నన్నూ పిలిచి తీర్పు చెప్పారు. రేపు పొద్దున మీటింగ్ రూములో అందరి ముందూ తూద్దామండి. నీళ్లు తేలితే పాలాయన వెళ్లిపోతారు. తేలకపోతే ఈయన్ని సెక్యూరిటీ ఏజెన్సీ వాళ్లు ఇంకో చోటికి వేసేస్తారు. డేటా ఏం చెబితే అదేనండి అన్నారు. పెద్దాయనకు ఈ తీర్పు ఎంతో నచ్చింది. ఉద్యోగం పోవచ్చన్న మాట ఆయన వినలేదు. అందరి ముందూ అన్న మాట విన్నారు. మర్నాడు యూనిఫాం ఇస్త్రీ చేయించుకుని, టోపీ తలమీద పెట్టుకుని వచ్చారు.

పొద్దున క్యాను గేటు దిగగానే మూత తియ్యించింది నేనే. మూత చుట్టూ చీమలు. పాల క్యానుకు ఒకటీ అరా చీమ పట్టడం వేరు, ఇవి పెళ్లివారిలా బారులు తీరి వస్తున్నాయి. వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాను. పాలకు ఉండే తియ్యదనం ఒకటి ఉంటుంది, అది చివర్న వస్తుంది. ఇది ముందే వచ్చింది. దుకాణంలో పుట్టినదానికి ఇది చెప్పడానికి కాంటా అక్కర్లేదు. నీళ్లు కలిపి తగ్గిన బరువును చక్కెర వేసి సరిచేశాడు. అరవై లీటర్లకు ఓ కిలో పడుతుంది. ఎంత వెయ్యాలో ఎవరు నేర్పారో కూడా అర్థమైంది. పాపం, రోజూ పొద్దున నిలబెట్టి నేర్పారు.

మీటింగ్ రూములో పెద్ద బల్ల. నలుగురు ఇంజినీర్లు ముందే కూచున్నారు. ఒకతను ఏసీ గాలికి గ్లాసు కదులుతుందేమో అన్నాడు, ఏసీ ఆపారు. ఇంకొకామె ఒక్కసారి కాదు, మూడుసార్లు తూచి సగటు తియ్యాలంది. ఒకతను దారానికి బరువుండదా అన్నాడు. పెద్దాయన అందరికీ సమాధానం చెప్పారు. ముప్పై ఏళ్ల తర్వాత ఆయనకు ప్రశ్నలు అడిగే క్లాసు దొరికింది. అన్నిటికంటే ముందు నీళ్లు తూచారు. యాభై. కాంటా మంచిగున్నది సార్, రాసుకోండి అన్నారు. తర్వాత పాలు. మూడు వేళ్లూ లేచాయి. కన్ను మూశారు. అందరూ కూడా ఊపిరి బిగబట్టారు, మా బాస్‌తో సహా.

యాభై ఒకటిన్నర. మళ్లీ తూచారు. యాభై ఒకటిన్నర. మూడోసారీ అంతే.

పాలతను నేలచూపులు చూస్తున్నాడు. మా బాస్ నా వైపు చూసి, మీరేమంటారండి అన్నారు.

ఆయన అడగడానికీ నేను జవాబు చెప్పడానికీ మధ్య నాకు దొరికిన సమయం చిన్నది. కానీ నేను వేగంగా లెక్క కట్టగలను. చక్కెర ఉందని చెబితే నీళ్లున్నాయని చెప్పినట్టే. నీళ్లున్నాయంటే నా పదమూడు రూపాయల బేరం బేరం కాదు, మెయిలు మెయిలు కాదు. రేపు మెల్లగా చెప్పొచ్చు, ఇంకో దారిలో సరిచెయ్యొచ్చు అనుకున్నాను. నాలుక మీద ఇంకా తీపి ఉంది. నేనేమంటాను సార్, అంకె కనబడుతోంది కదా అన్నాను.

పెద్దాయన బిరడాను రుమాలుతో తుడుస్తున్నారు. అంకెను ఒకసారి వంగి చూసి, చేతులు జోడించారు.

"పాలు సరిగ్గున్నయి సార్. తప్పు నాదే."

తన మీద కంటే కాంటా మీద ఆయనకు నమ్మకం ఎక్కువ. ఆ సాయంత్రమే ఏజెన్సీ వాళ్లు ఆయన్ని నిజాంపేటలో ఒక హాస్టల్ గేటుకు మార్చారు. జీతం నెలకు పద్దెనిమిది వందలు తక్కువ. ఇల్లు కొత్తగూడ వెనక గల్లీలో, కాబట్టి రెండు బస్సులు. ఆరు వారాల తర్వాత నేను ఆ పాలతన్ని వేరే సాకు చెప్పి మానిపించాను, ప్యాకెట్ పాలకు మారాం. నా రేపు అంత పొడుగ్గా సాగింది.

మూడు నెలలు పోయాక నిజాంపేట వెళ్లాను. ఆయన అక్కడ సుఖంగానే కనబడ్డారు. హాస్టల్ మజ్జిగ యాభై పాయింట్ రెండు అని గేటు గోడ మీద బలపంతో రాసి ఉంది. పిల్లలు వచ్చి, తాతా ఈరోజు సాంబారు ఎంత అని అడిగి పోతున్నారు, స్కోరు అడిగినట్టు. వాళ్లు వెళ్లాక నేను అంతా చెప్పాను. చీమలు, వేలు, తీపి, మెయిలు. ఏదీ దాచలేదు.

ఆయన ఉలిక్కిపడ్డారు. నా మీద కాదు.

"చక్కెరా! ఎంత ఏసిండట?"

తెలియదన్నాను. జర అడగకపోతివి బిడ్డా అని నొచ్చుకున్నారు. వెంటనే కాగితం తీసుకున్నారు. ఒక్క అంకె చూసి రెండు దొంగతనాలు పట్టలేం, ఒకటి తగ్గిస్తది, ఒకటి పెంచుతది, ఇంకో కొలత ఉండాలె, ఆరబెట్టి చూడాలె అని ఆయనలో ఆయనే మాట్లాడుకుంటూ గీతలు గీశారు. నేను క్షమించమని అడగడానికి వచ్చినదాన్ని, చక్కెర పాళ్లు రాసుకోవడానికి పెన్ను ఇచ్చి కూచున్నాను. మళ్లీ మా గేటుకు వేయిస్తానన్నాను. వద్దన్నారు. అక్కడ పాలు ఒక్కటే, ఇక్కడ రోజుకో రకం అన్నారు.

లేచి వస్తుంటే మాత్రం ఒక మాట అన్నారు, కాగితం మీద నుంచి తల ఎత్తకుండా. "గా రోజు ఇంటికి పోయి నీళ్లు తూచిన. మల్ల తూచిన. కాంటా ఖరాబైందేమో అనుకున్న. కాలే. అయితే ఇగ నేనే ఖరాబైన అనుకున్న బిడ్డా."

నేను స్కూటీ దాకా వెళ్లి వెనక్కి రాలేదు. ఆయన అప్పటికే దారం విప్పుతున్నారు, సాంబారు వేళయింది.

మళ్లీ వెళ్దాం వెళ్దాం అనుకుంటుండగానే హాస్టల్ వార్డెన్ నుంచి కబురు. గుండెపోటట. పోయేనాటికి ఆయన మా గేటు విడిచి పదకొండు నెలలు.

కొత్తగూడ గల్లీలో వాళ్ల గదికి వెళ్లాను. ఆయన భార్య నన్ను చాప మీద కూచోబెట్టి, చాయ్ పెట్టి, మీరేనా తేనె మేడం అన్నారు. అంటే ఇంట్లో నా పేరు అది. నేను చేతిసంచిలోంచి కవరు తీసి ఇచ్చాను. నెలకు పద్దెనిమిది వందలు, పదకొండు నెలలు, పంతొమ్మిది వేల ఎనిమిది వందలు. ఇది దేనికని అడిగితే ఏం చెప్పాలో దారిపొడుగునా బేరమాడుకుంటూ వచ్చి, చివరికి పాల పైసలు అన్నాను.

ఆమె కవరు వైపు చూసి, మా ఆయన పాలు అమ్మలేదు గద బిడ్డా అన్నారు.

ఇక తప్పలేదు. ఆయనకు చెప్పినట్టే ఆమెకూ మొదటి నుంచి చెప్పాను. ఆమె చాయ్ గ్లాసు కింద పెట్టలేదు, తాగలేదు. ఇదంతా ఆయనకు ఎర్కేనా అని అడిగారు. చెప్పానన్నాను. మరి ఏమన్నడు అన్నారు. చక్కెర ఎంత వేశాడని అడిగారు అన్నాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నవ్వుతున్నారో ఏడుస్తున్నారో కాసేపు తెలియలేదు. గంతే అంటడు, ఇంకేమంటడు అన్నారు తర్వాత.

నోట్లు లెక్కపెట్టారు. వేలు తడి చేసుకుంటూ, తొందర లేకుండా. నేను దుకాణంలో వందల మంది లెక్కపెట్టడం చూశాను. తమకు ఎక్కువ వచ్చిందేమో అని చూసుకునేవాళ్లను చూడలేదు. ఆమె పద్దెనిమిది వందలు విడిగా తీసి నా ముందు పెట్టారు.

"కొత్త గేటుల తొలి నెల ఏజెన్సోళ్లు మర్చిపోయి పాత జీతమే ఏసిన్రు. ఎక్కువొచ్చిందని చెప్పొస్త అని బయలెల్లిండు. నేనే ఆపిన. పది నెలలే తక్కువొచ్చింది."

ఉంచుకోమన్నాను. ఆమె తల అడ్డంగా ఊపారు.

పది నెలలు, నెలకు పద్దెనిమిది వందలు, పద్దెనిమిది వేలు. బిల్లు అంతే. నేను నోరు తెరవకుండా తగ్గిన బిల్లు ఇదొక్కటే.